ఆధార్ కార్డు పోయినను సంఖ్య పోదు

మన ప్రాంతపు రైతులు భూమి పాసుపుస్తకమును పెట్టెలో భద్రముగా దాచుకొందురు. ఆధార్ కార్డును మాత్రము చొక్కా జేబులో నుంచుకొని చేనికిని, సంతకును, బ్యాంకునకును త్రిప్పుచుందురు. అందుచే నది చెమటకు తడిసి, మడతలయందు చినిగి, తుదకెచ్చటనో జారిపోవుచున్నది. అప్పుడేమి చేయవలెనో తెలియక మన సభ్యులు పడుచున్న తిప్పలను జూచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

బి.కొత్తకోట దాపుననున్న యొక పల్లె రైతు టమాటాలు వేసికొని మదనపల్లె మార్కెట్టునకు పోయి, అచ్చటి రద్దీలో సంచిని పోగొట్టుకొనెను. సొమ్ము కొద్దిగానే యుండెను గాని కార్డు దానితో పోయెను. కిసాన్ సొమ్ము నిలిచిపోవునని భయపడి యాతడొక దళారి నాశ్రయించెను. ఆ దళారి ఐదువందల రూపాయలు పుచ్చుకొని, క్రొత్తగా పేరు నమోదు చేయించెను. కొన్ని వారములకు ఆ దరఖాస్తు త్రోసివేయబడినట్లు తెలిసెను. రైతు నన్నడిగినప్పుడు, “అయ్యా, నీ కార్డు పోయినది గాని నీ ఆధార్ పోలేదు” అని చెప్పితిని. ఆ మాట యర్థమును వివరించెదను.

ఆధార్ అనునది పండ్రెండంకెల సంఖ్య. 2010వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన మహారాష్ట్రమునందలి తెంభ్లీ గ్రామమున మొదటి సంఖ్యల నిచ్చిరి. ఒక మనిషికి ఒకే సంఖ్య; అది జీవితాంతము మారదు. నమోదు సమయమున పది వ్రేళ్లముద్రలును, రెండు కనుపాపలును, ముఖచిత్రమును తీసి భద్రపరతురు. మరల నమోదునకు పోయినచో ఆ ముద్రలు పాతవానితో సరిపోవును గనుక రెండవ దరఖాస్తు చెల్లదు. కార్డు ఆ సంఖ్యను దెలుపు కాగితము మాత్రమే. కిసాన్ పథకమున ఏటికి మూడు వాయిదాలలో వచ్చు 6000 రూపాయలు సంఖ్యనుబట్టియు, దానితో ముడిపడిన బ్యాంకు ఖాతానుబట్టియు వచ్చును గాని కార్డునుబట్టి కాదు. కనుక కార్డు పోయినంతమాత్రమున వాయిదా నిలువదు.

ఇక నకలు పొందు విధము. సంఖ్య జ్ఞాపకముండి, నమోదైన సెల్ ఫోన్ చేతనున్నచో పని మిక్కిలి సులభము. ఆధార్ సంస్థవారి వెబ్‌సైటునందు సంఖ్య వేసిన యెడల ఫోనునకు ఓ.టి.పి. వచ్చును, దానితో ఈ-ఆధార్ పత్రమును దింపుకొనవచ్చును. దానిని తెరచుటకు పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరములును, జన్మసంవత్సరమును చేర్చి సంకేతముగా వేయవలెను. ఈ పత్రము అసలు కార్డుతో సమానముగా చెల్లును. గట్టి ప్లాస్టిక్ కార్డు కావలసినవారు అచ్చటనే నిర్ణీత రుసుము చెల్లించినచో స్పీడ్ పోస్టులో ఇంటికే వచ్చును. బజారులో ముద్రించు ప్లాస్టిక్ నకళ్లలో భద్రతాగుర్తులుండవు. వానిని వాడవద్దని ఆ సంస్థవారే 2022లో హెచ్చరించిరి.

సంఖ్యయు మరచిపోయి, ఫోనును మారిపోయినవారు నిరాశపడ నక్కరలేదు. 1947 అను సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేకుండ తెలుగుననే దారి చెప్పుదురు. లేదా ఆధార్ కేంద్రమునకు స్వయముగా పోయి వ్రేలిముద్ర నిచ్చినచో, అచ్చటనే సంఖ్యను వెదకి పత్రమును ముద్రించి యిత్తురు. మట్టిపనిచేత వ్రేళ్లరేఖలరిగినవారు కనుపాపతో చూడుమని యడుగవలెను. ఇట్టి కేంద్రములు కొన్ని గ్రామసచివాలయములందును, తపాలా కచ్చేరులందును, బ్యాంకులందును గలవు. ప్రతిచోటను లేవు గనుక విచారించి బయలుదేరుట మేలు. పేరుగాని, ఊరుగాని తప్పుగా నున్నచో మొదట దానిని దిద్దించుకొని, పిమ్మట కార్డు తెప్పించుకొనవలెను. లేనిచో ఆ తప్పే మరల అచ్చగును.

జాగ్రత్త యొకటి ముఖ్యము. కార్డుకంటె వ్రేలిముద్రయే విలువగలది. 2018లో తెలంగాణమునందు పెద్దపల్లి ప్రాంతపు సిమ్ముల వర్తకుడొకడు భూమి రిజిస్ట్రేషను దస్తావేజులపైనున్న వ్రేలిముద్రలకు నకళ్లు చేసి, పరుల పేర సిమ్ములను చలామణి చేసినట్లు బయల్పడెను. వ్రేలిముద్రతో బ్యాంకుసొమ్మును గూడ తీయవచ్చును గదా! కనుక దళారి పెట్టెపై వ్రేలుంచకుడు, ఓ.టి.పి. నెవ్వరికిని చెప్పకుడు. కార్డు పోయి యనుమానము గలవారు వెబ్‌సైటునందు వ్రేలిముద్రలకు తాళము వేసికొనవచ్చును. కాని తాళము తీయువరకు రేషను దుకాణమునందును ముద్ర పడదని జ్ఞాపకముంచుకొనవలెను. నకలు కాగిత మియ్యవలసినచోట, కడపటి నాలుగంకెలు మాత్రమే కనబడు పత్రమును గూడ దింపుకొనవచ్చును. అది యొప్పుకొనుచోట దానినే యిచ్చుట క్షేమము.

పై సంగతులన్నిటికిని మూలము ఫోను. పాత సిమ్మును పారవేసి, క్రొత్తది కొని, ఆధార్‌నందు మార్పించనివారు మన సభ్యులలో ననేకులు గలరు. ఆధార్ కేంద్రమున క్రొత్త నంబరును చేర్పించుకొనుటకు స్వల్పరుసుము తప్ప వేరు పత్రమేదియు నక్కరలేదు. విత్తుటకు ముందు నూరు గింజలను తడిగుడ్డలో మొలకగట్టి పరీక్షింపుడని నేను మీకు చెప్పుచుందును గదా! అట్లే కార్డు పోకమునుపే మీ ఫోనుకు ఓ.టి.పి. వచ్చుచున్నదో లేదో తీరికదినములలో పరీక్షించుకొనుడు. సంఖ్యను ఒక కాగితముపై వ్రాసి పాసుపుస్తకముతో పెట్టెలో నుంచుడు. ఆ పండ్రెండంకెలును, పనిచేయు ఫోనును ఉన్నచో, కార్డు పోయిన రైతు దళారి గుమ్మము త్రొక్క నక్కరలేదు.