పాలకూర కాదు, పాలు కారే కూర!

కిందటి వేసవిలో మా పెరట్లో వేసిన లెట్యూస్ జులై ఎండలకి నిలువునా పెరిగి పూతకొచ్చేసింది. ఆకు నోట్లో పెట్టుకుంటే ఒకటే చేదు. "నాన్నా, కొట్లో కొన్నది ఇలా ఉండదేం?" అంది మా అమ్మాయి. ఆ ప్రశ్నకి జవాబే ఈ వ్యాసం.

పిల్లలూ, లెట్యూస్ కాడ విరిస్తే తెల్లటి పాలు కారతాయి. లాటిన్‌లో పాలని 'లాక్' అంటారు. అందుకే దీని శాస్త్రీయ నామం 'లాక్టూకా'. దీని అడవి చుట్టం ముళ్ళ లెట్యూస్ మన ఒంటారియోలో రోడ్ల పక్కన కలుపు మొక్కగా కనిపిస్తుంది. వేల ఏళ్ళుగా రైతులు ముళ్ళు లేనివి, చేదు తగ్గినవి, ఆలస్యంగా పూసేవి ఏరి, వాటి విత్తనాలే దాచుకుంటూ వచ్చారు. ఎండ ముదిరితే మాత్రం పాత చేదు మళ్ళీ బయటపడుతుంది!

రిచ్‌మండ్ హిల్‌కి ఉత్తరాన, హైవే 400 పక్కన హాలండ్ మార్ష్ నల్లమట్టి పొలాలున్నాయి. అక్కడా లెట్యూస్ పండిస్తారు. వాతావరణం చల్లగా, తేమగా ఉంటే ఈ పంటకి బూజు తెగులు భయం. తెగులుని తట్టుకునే జన్యువులు ఆ ముళ్ళ మొక్కలో ఉన్నాయి. మరి వాటిని తెచ్చేదెలా?

లెట్యూస్ పువ్వు తన పుప్పొడితో తానే విత్తనం కడుతుంది. అందుకని శాస్త్రవేత్తలు పొద్దున్నే పువ్వు విచ్చుకోగానే నీళ్ళు చిమ్మి ఆ పుప్పొడిని కడిగేసి, అడవి మొక్క పుప్పొడి అద్దుతారు. పుట్టిన పిల్ల మొక్కలో అడవి పాలు సగం. దాన్ని మంచి రకంతో మళ్ళీ మళ్ళీ కలిపితే ఆ పాలు సగటున 25, 12.5, 6.25 శాతంగా తగ్గుతూ వస్తుంది. ప్రతిసారీ తెగులుని తట్టుకున్న మొక్కనే ఉంచుతారు. చివరికి రుచి పాతదే, బలం కొత్తది.

ఈ కథ మన కంచంలోనూ ఉంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) అన్నం ఎంత రుచో, ఆ పైరుకి బ్యాక్టీరియా ఎండాకు తెగులు అంత బెడద. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఇదే పద్ధతిలో మూడు జన్యువులు చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని రైతులకిచ్చారు. అందులో ఒక జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది!

అయితే తెగులు కూడా రూపం మార్చుకుంటూనే ఉంటుంది. ఒక్క జన్యువుని నమ్ముకుంటే ఏదో ఒక రోజు పంటంతా పోతుంది. అందుకే, ఎవరికీ పనికిరావనిపించే అడవి మొక్కల విత్తనాలని కూడా విత్తన బ్యాంకుల్లో భద్రంగా దాస్తున్నారు.

ఈసారి ఏప్రిల్ చివర్లో, చలి ఉండగానే విత్తనాలు వేద్దామంటోంది మా అమ్మాయి. మీరూ వేసి చూడండి!