రూటర్‌లో నెట్ ఉంది, టీవీలో బొమ్మ ఆగింది.. సిగ్నల్ యాడికి పోతోంది?

ముందు గదిలో ఫోన్‌లో వీడియో సాఫీగా నడుస్తుంటుంది. వెనక గదిలో టీవీ మీద మాత్రం గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంటుంది. షాపులో అడిగితే ‘పవర్‌లైన్ అడాప్టర్ పెట్టుకోండి, కరెంటు వైర్లోనే నెట్ వచ్చేస్తుంది’ అంటారు. సరే అని వేలు పోసి ఒక జత కొంటారు. రెండు రోజులు బాగానే ఉంటుంది. మూడో రోజు నుంచి మళ్లీ అదే కథ! అది పాడైందని వెనక్కి ఇచ్చేసే ముందు, దాన్ని గుచ్చిన ప్లగ్ వైపు ఒక్కసారి చూడండి. చాలా ఇళ్లలో తప్పు అడాప్టర్‌ది కాదు, అది గుచ్చిన చోటుది.

సీమ మాటలో యాడికి అంటే ఎక్కడికి అని. అనంతపురం జిల్లా తాడిపత్రి నియోజకవర్గంలో ఆ పేరుతోనే ఒక మండల కేంద్రం ఉంది. అటు తాడిపత్రి, ఇటు యాడికి.. చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల. సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చిందీ ఆ రాయి కోసమే. పాత ఇళ్ల గోడలు, మిద్దెలు, కింద పరిచిన బండలు.. అన్నీ రాయే. అడుగున్నర, రెండడుగుల మందం ఉన్న రాతి గోడ వేసవిలో ఇంటిని చల్లగా ఉంచుతుంది. వైఫైకి మాత్రం అదే శత్రువు. అలాంటివి రెండు గోడలు దాటేసరికి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నలే నీరసపడిపోతుంది. వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ అయితే ఇంకా ముందే చేతులెత్తేస్తుంది. పవర్‌లైన్ అడాప్టర్ అవసరం పడేది సరిగ్గా ఇలాంటి ఇళ్లలోనే.

ఇంటర్నెట్‌తో టీవీ చూడటం పల్లెలకు కొత్తేమీ కాదు. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే కనెక్షన్‌లో నెలకు 149 రూపాయల ప్లాన్‌తో మొదలైంది. తవ్వకాల ఖర్చు లేకుండా ఫైబర్ కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. స్తంభం మీద ఫైబర్ వేరు, కరెంటు తీగ వేరు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంట్లో పెట్టే పవర్‌లైన్ అడాప్టర్ మాత్రం నిజంగానే కరెంటు వైర్లోకి డేటాను ఎక్కిస్తుంది.

ఎలా అంటే.. మన ఇంట్లో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అడాప్టర్ పంపే సిగ్నల్ సెకనుకు లక్షల్లో, కోట్లలో ఊగుతుంది. హోమ్‌ప్లగ్ ఏవీ రకం అయితే సుమారు 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య. అంత తేడా ఉంది కాబట్టే ఒకే రాగి తీగలో రెండూ గొడవ పడకుండా వెళ్తాయి. రూటర్ దగ్గర ఒక అడాప్టర్, టీవీ దగ్గర ఇంకొకటి. అవతల ఎక్కింది ఇవతల దిగుతుంది.

డబ్బా మీద 600 అనో 1000 అనో రాసి ఉంటే దాన్ని నమ్మేయకండి. అది లెక్కల్లో వేగం. వాడుకలో అందులో మూడో వంతు వచ్చినా అదృష్టమే. కొన్ని మోడళ్ల మీద 600 అని ఉంటుంది, కేబుల్ గుచ్చే పోర్టు మాత్రం 100 ఎంబీపీఎస్‌దే! అయినా కంగారు అక్కర్లేదు. హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్, 4కే వీడియోకి 15 నుంచి 25 ఉంటే సరిపోతుంది. కావాల్సింది పెద్ద వేగం కాదు, మధ్యలో తెగని వేగం.

ముందు ఈ పరీక్ష చేయండి. రెండు అడాప్టర్లనూ ఒకే గదిలో, పక్కపక్కన ఉన్న గోడ సాకెట్లలో పెట్టండి. టీవీనో ల్యాప్‌టాప్‌నో కేబుల్‌తో కలిపి చూడండి. అక్కడ కూడా రాకపోతే అడాప్టర్‌నో కేబుల్‌నో అనుమానించాలి. అక్కడ బాగా వచ్చి, టీవీ గదిలోకి తీసుకెళ్లగానే పడిపోతే మాత్రం సమస్య వైరింగ్‌లోనే. ఐదు నిమిషాల పని ఇది. కొత్త జత కొనే ఖర్చు దీంతోనే తప్పొచ్చు.

వైరింగ్‌లో మొదటి ముద్దాయి ఎక్స్‌టెన్షన్ బాక్సు. అందులోనూ స్పైక్ గార్డ్. పిడుగు పడ్డప్పుడో, కరెంటు వచ్చిపోయినప్పుడో వచ్చే జెర్కులను ఆపడమే దాని పని. పాపం, అడాప్టర్ సిగ్నల్‌ను కూడా అది జెర్కు అనుకుని మింగేస్తుంది. స్టెబిలైజర్ ఇంకా ఘోరం. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి దాని వెనక గుచ్చితే దాదాపు ఏమీ రాదు. లో వోల్టేజీ అలవాటైన ఇళ్లలో టీవీ సామానంతా స్టెబిలైజర్‌కే తగిలించేస్తారు. టీవీని అక్కడే ఉంచండి, అడాప్టర్‌ను మాత్రం నేరుగా గోడ సాకెట్‌కు మార్చండి.

ఇక ఇన్వర్టర్. మన దగ్గర ఎక్కువ మందిని తిప్పలు పెట్టేది ఇదే. కరెంటు పోయినా నెట్ ఉండాలని రూటర్‌ను ఇన్వర్టర్ లైన్ సాకెట్‌లో పెడతారు. దాని పక్కనే అడాప్టర్. టీవీ మాత్రం మామూలు లైన్ మీద ఉంటుంది. అంటే సిగ్నల్ ఇన్వర్టర్ లోపలి నుంచి ఈది రావాలి. కరెంటు ఉన్నప్పుడు కాస్తో కూస్తో వస్తుంది, కానీ బలం తగ్గిపోతుంది. రెండింటినీ ఇన్వర్టర్ లైన్‌లోనే పెడితే ఇంకో తంటా. కరెంటు పోగానే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మొదలెట్టే రొదలో సిగ్నల్ మునిగిపోతుంది. ‘కరెంటు ఉంటే వస్తుంది, పోతే ఆగుతుంది’ అని ఫిర్యాదు చేసే ఇంట్లో ముందు చూడాల్సింది ఇదే. సులువైన దారి ఒకటుంది. రూటర్‌కు మాత్రం చిన్న బ్యాటరీ యూపీఎస్ విడిగా పెట్టండి. అడాప్టర్లు రెండూ మామూలు లైన్‌లో, నేరుగా గోడకే ఉండాలి.

రాత్రి ఏడు దాటాకే ఆగుతోందా? అయితే లైట్లను అనుమానించండి. చవక ఎల్‌ఈడీ బల్బులు, డూప్లికేట్ ఫోన్ ఛార్జర్లు, కొన్ని ఫ్యాన్ రెగ్యులేటర్లు వైర్లోకి రొదను వదులుతాయి. మిక్సీ, నీళ్ల మోటార్ సంగతి చెప్పక్కర్లేదు. టీవీ నడుస్తుండగా ఒక్కొక్కటీ ఆపుతూ రండి. ఏది ఆపితే బొమ్మ కదిలిందో అదే దొంగ. కొందరి ఇంట్లో అది అడాప్టర్ పక్కనే గుచ్చిన ఛార్జర్ అయి ఉంటుంది.

త్రీ ఫేజ్ మీటర్ ఉన్న పెద్ద ఇళ్లలో రూటర్ గది ఒక ఫేజ్ మీద, టీవీ గది ఇంకో ఫేజ్ మీద ఉండొచ్చు. అప్పుడు సిగ్నల్ అంతంతమాత్రమే. ఏ సాకెట్ ఏ ఫేజో ఎలక్ట్రీషియన్ చెప్తారు, బోర్డు మీరు విప్పకండి. పాత ఇళ్లలో చాలా చోట్ల ఎర్త్ వైరే ఉండదు. ఏవీ2 రకం అడాప్టర్లలో కొన్ని ఆ మూడో తీగను కూడా వాడుకుంటాయి. అది లేకున్నా పనిచేస్తాయి, కాకపోతే వేగం తగ్గుతుంది.

యూట్యూబ్ బాగానే వస్తూ, ఐపీటీవీ లైవ్ ఛానళ్లు మాత్రం గళ్లుగళ్లుగా విరిగిపోతుంటే అది వేరే కథ. లైవ్ ఛానల్‌ను మల్టీకాస్ట్ అనే పద్ధతిలో పంపుతారు. అంటే ఒకే ప్రసారాన్ని అడిగిన బాక్సులన్నీ పంచుకుంటాయి. ఈ పద్ధతిని గుర్తించలేని అడాప్టర్ దాన్ని ఊరందరికీ వేసే దండోరా అనుకుంటుంది. అందరికీ తప్పక చేరాలని అతి నెమ్మది మోడ్‌లో పంపుతుంది. హోమ్‌ప్లగ్ ఏవీలో ఆ మోడ్ వేగం 5 నుంచి 10 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. హెచ్‌డీ ఛానల్‌కు అది చాలీచాలని వేగం. ఇలాంటప్పుడు ప్లగ్‌లు మార్చి లాభం లేదు. కంపెనీ యాప్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాలి. కొత్తగా కొనేవాళ్లు ‘ఐజీఎంపీ స్నూపింగ్’ ఉందా అని అడిగి కొనాలి.

ఒకే ఇంట్లో రెండు మూడు పోర్షన్లు అద్దెకు ఇచ్చిన చోట ఇంకో జాగ్రత్త అవసరం. వైర్లు కలిసి ఉంటే మీ సిగ్నల్ పక్క పోర్షన్‌లోకీ వెళ్లొచ్చు. కంపెనీ నుంచి వచ్చిన తాళం అలాగే వదిలేస్తే, అదే రకం అడాప్టర్ ఉన్నవాళ్లు మీ నెట్‌లోకి వచ్చేయొచ్చు. ఒకదాని మీద ‘పెయిర్’ బటన్ నొక్కి, రెండు నిమిషాల్లోపు రెండోదాని మీద కూడా నొక్కితే కొత్త తాళం పడుతుంది. రెండింటిలో ఒకటి కనిపించకుండా పోయినా చేయాల్సింది ఇదే. ఉరుములు, మెరుపులు మొదలైతే రెండింటినీ పీకి పక్కన పెట్టండి.

ఇవన్నీ చేసినా బొమ్మ నిలవకపోతే పాత వైరింగ్‌తో కుస్తీ పట్టడం దండగ. పదిహేను మీటర్ల ల్యాన్ కేబుల్ కొన్ని వందల్లో వచ్చేస్తుంది. రాతి గోడకు కన్నం పొడవాల్సిన పని కూడా లేదు, గుమ్మం పైనుంచో కిటికీ మూలనుంచో తిప్పుకోవచ్చు. లాగే మనిషికి ఒక్క మాట చెప్పండి. కరెంటు వైర్లున్న పైపులోనే ఆ కేబుల్‌ను దూర్చొద్దు, విడిగా కేసింగ్ వేయమనండి.