నది అందరిదీ, రేవు ఎవరిది?

హృషీకేశ్ ఎగువన కౌడియాలా నుంచి మెరైన్ డ్రైవ్, శివపురి, బ్రహ్మపురి మీదుగా గంగ సుమారు 36 కిలోమీటర్ల మేర సుడులతో, ఉరవడితో సాగుతుంది. ఒకరిద్దరు కూర్చుని తెడ్డుతో నడుపుకొనే కయాక్, కనో వంటి సన్నని పడవలవారికి దేశంలో ఇది పేరెన్నికగన్న శిక్షణస్థలం. బదరీనాథ్ రహదారి నదిని ఆనుకునే పోతుంది గనుక పడవను నీటిలో దించడం తేలికేననిపిస్తుంది. అయితే రహదారికీ నీటికీ మధ్యనున్న ఆ కొద్దిపాటి నేలపై హక్కు ఎవరిదన్నదే అసలు చిక్కు.

నిజానికి ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే మూలసూత్రం చెప్పింది. కులూ-మనాలీ లోయలో ఒక మోటెల్ కోసం బియాస్ నదీతీరపు అటవీభూమిని లీజుకివ్వడాన్ని రద్దు చేస్తూ, నదులు, తీరాలు, అడవులు ప్రజల ఉమ్మడి ఆస్తి అనీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేననీ స్పష్టం చేసింది. ధర్మకర్త ఆస్తిని అమ్ముకోరాదు. సరే, మరి హక్కుదారులు లోపలికి వెళ్లేందుకు తలుపు ఎక్కడ? ఆ సంగతిని మాత్రం ప్రభుత్వాలు పట్టించుకోలేదు.

ఈలోగా గంగాతీరపు ఇసుక తిన్నెలపై గుడారాల విడిదులు పుట్టగొడుగుల్లా మొలిచాయి. 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కౌడియాలా-హృషీకేశ్ మధ్య విడిదులను నిలిపివేసింది. రాఫ్టింగ్‌ను మాత్రం అనుమతించింది. 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు, తగిన చట్టం, విధానం రూపొందే వరకు రాఫ్టింగ్‌ను సైతం ఆపించి, రెండు వారాల గడువు విధించింది. న్యాయస్థానాల ఆగ్రహం సహేతుకమే. నదీగర్భాన్ని వ్యాపారులకు అప్పగించినది ప్రభుత్వమే గదా! కానీ విచారించదగిన విషయం మరొకటుంది. వివాదమంతా వ్యాపారి అనుమతి చుట్టూనే తిరిగింది. ట్రక్కులపై రబ్బరు తెప్పలు తెచ్చి పర్యాటకులను బృందాలుగా ఎక్కించే సంస్థకూ, తన పడవను తానే భుజాన మోసుకుని దిగే ఒంటరి మనిషికీ తేడా పాటించకపోతే నష్టపోయేది రెండోవాడే.

ఇందులో కొత్తగా కనిపెట్టవలసినదేమీ లేదు. గోదావరి, కృష్ణా తీర గ్రామాలలో రేవంటే ఊరందరిదీ. బల్లకట్టు వేలం పాడుకున్నవాడు జనాన్ని దాటించే హక్కు కొనుక్కుంటాడేగాని, బిందెతో వచ్చిన ఇల్లాలిని ఆపే హక్కు కాదు. స్కాట్లాండ్ 2003లో చేసిన భూసంస్కరణ చట్టం ఈ లోకజ్ఞానాన్నే శాసనంగా మార్చింది. యంత్రం లేని పడవతో బాధ్యతాయుతంగా నదులలో, సరస్సులలో తిరిగేందుకు, నీటి వద్దకు చేరేందుకు అందరికీ హక్కు ఇచ్చింది.

దారి చూపడమొక్కటే చాలదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి అకస్మాత్తుగా వదిలిన నీరు బియాస్ నదిలో నిలుచున్న 24 మంది హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులను పొట్టన పెట్టుకున్నది. వారు పడవ ఎక్కినవారు కారు. నీరు తక్కువగా ఉన్నదని నమ్మి రాళ్ళపైకి దిగినవారు. గంగకు ఎగువన భాగీరథిపై టెహ్రీ, అలకనందపై శ్రీనగర్ వంటి ప్రాజెక్టులున్నాయి. విద్యుత్ అవసరాన్నిబట్టి నీరు వదిలే ఇటువంటి నదులలో, ఏ వేళకు ఎంత నీరు వదులుతారో రేవు వద్ద ముందుగా తెలియజేయడం, సైరన్ మోగించడం ప్రాణావసరం.

ఇందుకు కోట్లు కుమ్మరించి సిమెంటు ఘాట్లు కట్టనక్కరలేదు. నిర్ణీత స్థలాలలో పడవ దింపేందుకు, ఎక్కించేందుకు ఒక కాలిబాట, రహదారి పక్కన వాహనాలు నిలిపే చోటు, మరుగుదొడ్డి, నీటిమట్టం చూపే కొలబద్ద ఉంటే చాలు. ఆ బాట స్థానిక జాలరులకూ, స్నానానికి వచ్చే యాత్రికులకూ ఉపకరిస్తుంది. ఎక్కడ దిగాలో చెప్పడం ఎంత ముఖ్యమో, ఎక్కడ ఒడ్డెక్కాలో చెప్పడం అంతకన్న ముఖ్యం. హృషీకేశ్ దిగువన చీలా విద్యుత్ కాలువకు నీరు మళ్ళించే పశులోక్ బ్యారేజి ఉంది. దాని తలుపుల చేరువకు వెళ్ళాక పడవ వెనుదిరగడం కష్టం. అటువంటి చోట ఎగువనే ఒడ్డెక్కి, పడవను మోసుకుపోయి, బ్యారేజి దాటాక తిరిగి నీటిలో దిగే దారి ప్రతి ఆనకట్ట నమూనాలోనూ మొదటినుంచీ భాగం కావాలి. చేపల కోసం మెట్లు కట్టే ఇంజనీర్లకు మనుషుల కోసం ఒక బాట గీయడం భారమేమీ కాదు.