వార్తల్లో పదం: పన్నుతో కలిపిన ధర

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగు కుటుంబాలు గోల్‌బజార్‌లో కొనుక్కునే తలనూనె, షాంపూ, స్నానం సబ్బులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 18 నుంచి 5 శాతానికి దిగింది. అంతకుముందు 118 రూపాయలున్న సీసా ఇప్పుడు ఎంతకు రావాలి?

చాలామంది 118లో 18 శాతం, అంటే 21.24 తీసేసి అసలు ధర తేలుస్తారు. అది తప్పు. పన్ను పడింది 118 మీద కాదు, 100 మీద. పన్ను కలపాలంటే అసలు ధరను 1.18తో గుణించాలి, విడదీయాలంటే 1.18తో భాగించాలి. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) నిబంధనల్లో 35వది చెప్పేదీ ఈ లెక్కే. ఆ 100కి 5 శాతం కలిపితే 105. తగ్గేది 13 రూపాయలు, అంటే పాత ధరలో సుమారు 11 శాతం. పన్ను రేటు 13 శాతం పాయింట్లు తగ్గింది కదా, ధరా అంతే తగ్గాలని దుకాణదారును నిలదీయడం న్యాయం కాదు.

ఖరగ్‌పూర్ దుకాణం బిల్లులో పన్ను సగం కేంద్రానిది, సగం పశ్చిమ బెంగాల్‌ది. ఆంధ్రప్రదేశ్‌లోని విజయనగరం నుంచి వ్యాపారి ఇక్కడికి సరుకు పంపితే, అది రాష్ట్రాల మధ్య అమ్మకం కాబట్టి పన్ను మొత్తం ఐజీఎస్టీ కిందే చూపిస్తారు. ప్యాకెట్ మీది ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దానిపైన మళ్లీ జీఎస్టీ అడిగితే ఇవ్వక్కర్లేదు. అమ్మకాల మొత్తంపై స్వల్ప శాతం పన్ను తానే కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న దుకాణమైతే పన్ను విడిగా వసూలు చేయనే కూడదు.