కణచక్ర నియంత్రణలో ప్రోటీన్ల ఆకృతి మార్పుల పాత్ర

ఉల్లి వేరు కొనను రంజనం చేసి సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తే కొన్ని కణాలు విభజన దశలోను, అధిక భాగం అంతర్దశలోను కనిపిస్తాయి. ఒకే కణజాలంలో పక్కపక్కనే ఉన్న కణాలలో ఒకటి విభజనకు పూనుకోగా, మరొకటి ఆగి ఉండటానికి కారణమేమిటి? దీనికి సమాధానం చాలావరకు కొన్ని ప్రోటీన్ల ఆకృతిలో ఉంది.

కణచక్రం - నియంత్రకాలు

కణచక్రంలో జీ1, ఎస్, జీ2, ఎం అనే నాలుగు దశలుంటాయి. ఎస్ దశలో డీఎన్‌ఏ రెట్టింపవుతుంది. ఎం దశలో కణం రెండుగా విడిపోతుంది. ఒక దశ నుండి మరొక దశకు మారడాన్ని సైక్లిన్ ఆధారిత కైనేజ్‌లు, అనగా సీడీకేలు, ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్‌ను చేర్చడం ద్వారా నడిపిస్తాయి. 1982లో టిమ్ హంట్ సముద్రపు అర్చిన్ గుడ్లలో ప్రతి విభజనకు ముందు పేరుకొని, విభజనతో పాటే నశించే ప్రోటీన్‌ను గుర్తించారు. అదే సైక్లిన్. లోపించిన ఈస్ట్ జన్యువు పనిని మానవ సీడీకే జన్యువు నిర్వర్తించగలదని 1987లో పాల్ నర్స్ బృందం నిరూపించింది. వీరిద్దరికీ, లీలాండ్ హార్ట్‌వెల్‌కు 2001లో నోబెల్ బహుమతి లభించింది.

ఆకృతి మారితేనే క్రియాశీలత

ఈ యంత్రాంగం మానవ సీడీకే2 ప్రోటీన్‌లో స్పష్టంగా తెలిసింది. 298 అమైనో ఆమ్లాలున్న ఈ ప్రోటీన్ ఒంటరిగా ఉన్నప్పుడు దాదాపు పనిచేయదు. టీ-లూప్ అనే భాగం క్రియాస్థానానికి అడ్డుగా ఉంటుంది. ఏటీపీని సరైన భంగిమలో నిలపడానికి అవసరమైన గ్లుటమేట్ బయటి వైపుకు తిరిగి ఉంటుంది. సైక్లిన్-ఏ వచ్చి చేరగానే గ్లుటమేట్ ఉన్న సర్పిలం సుమారు 90 డిగ్రీలు తిరిగి లోపలికి జరుగుతుంది. గ్లుటమేట్ అక్కడి లైసిన్‌తో జతకూడుతుంది. టీ-లూప్ పక్కకు తొలగుతుంది. ఆ తరువాత 160వ స్థానంలోని థ్రియోనిన్‌కు ఫాస్ఫేట్ చేరితే, మూడు ఆర్జినిన్లు దానిని పట్టుకొని టీ-లూప్‌ను స్థిరపరుస్తాయి. అప్పుడే కైనేజ్‌కు పూర్తి శక్తి వస్తుంది. సైక్లిన్-సీడీకే2 జంట నిర్మాణాన్ని 1995లో ఎక్స్-రే స్ఫటిక విధానంతో ఆవిష్కరించారు.

నిరోధకాలు

తనంతట తానుగా స్థిరమైన ఆకృతి లేని పీ27 అనే ప్రోటీన్ ఈ జంటను అంటిపెట్టుకున్నప్పుడు మాత్రమే రూపు దాలుస్తుంది. దాని ఒక భాగం ఏటీపీ కుదురుకోవలసిన చోటును ఆక్రమించి కైనేజ్‌ను ఆపుతుంది. మొక్కలలోని కేఆర్‌పీ నిరోధకాలు పీ27ను ఒక చిన్న భాగంలో మాత్రమే పోలి ఉన్నా, ఇదే నియంత్రణను నిర్వహిస్తాయి.

వ్యవసాయ పరిశోధనకు అన్వయం

మొక్కలలోని సీడీకేఏ ప్రోటీన్ పరిమాణం కణచక్రం అంతటా ఇంచుమించు స్థిరంగానే ఉంటుంది. మారేవి దాని భాగస్వాములు, ఫాస్ఫేట్ స్థితి, నిరోధకాలు. అరబిడాప్సిస్‌లో సైటోకైనిన్ సైక్లిన్-డి3 ఉత్పత్తిని పెంచుతుంది. నీటి ఎద్దడిలో పెరిగే అబ్సిసిక్ ఆమ్లం ఒక కేఆర్‌పీ నిరోధకపు జన్యు వ్యక్తీకరణను పెంచుతుంది. ఆ నిరోధకాన్ని అధికంగా ఉత్పత్తి చేసేలా మార్చిన మొక్కలలో ఆకులు చిన్నవై, కణాల సంఖ్య తగ్గి, ఒక్కొక్క కణం పెద్దదవుతుంది. ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ఆకు ఎదుగుదల తగ్గిందంటే కణాల సంఖ్య తగ్గిందా, పరిమాణం తగ్గిందా అనేది విడిగా తేల్చాలి.

నీటి ఎద్దడిపై పరిశోధించే విద్యార్థులు తరచుగా సీడీకే జన్యు వ్యక్తీకరణను మాత్రమే కొలిచి కణ విభజనపై నిర్ధారణకు వస్తుంటారు. జన్యువు పలికినా ప్రోటీన్ క్రియాశీల ఆకృతిలో లేకపోతే విభజన జరగదు. కావున వ్యక్తీకరణతో పాటు, సీడీకేను వేరుచేసి హిస్టోన్ హెచ్1పై దాని కైనేజ్ శక్తిని కొలవడం, ఆకు బాహ్యత్వచంలోని కణాలను లెక్కించడం అవసరం. ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడే ఎద్దడిని తట్టుకునే రకాల ఎంపికకు నమ్మదగిన ఆధారం లభిస్తుంది.