కంప్యూటరు ప్రతిబింబము: తరలించు విధము, దాచు విధము

తాళపత్రములపై గంటముతో వ్రాసిన కాలమున గ్రంథమునకు ఆయువు తక్కువ. చెదలు, చెమ్మ, నిప్పు ఈ మూడును ఆకులకు శత్రువులు. అయినను వందల యేండ్లనాటి కావ్యములు నేడు మన చేతికి దక్కినవి. ఏలయనగా, ఒక ప్రతి నశించులోపల మరియొక ప్రతి వేరొక యూర, వేరొక యింట వ్రాయబడుచు వచ్చెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) తెలుగు గ్రంథములను సేకరించునపుడు ఒకే కావ్యమునకు పెక్కు ప్రతులు తెప్పించి, పండితులచేత వానిని సరిపోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ సేకరణలోని గ్రంథములు నేడును చెన్నపట్టణమందలి ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున గలవు. ప్రతి వ్రాయుట, వేరుచోటికి చేర్చుట, మూలముతో సరిచూచుట అను మూడు పనులే ఆ గ్రంథములను కాపాడినవి. నేటి కంప్యూటరులోని సొత్తును కాపాడునవియు ఈ మూడే. ఆ విధమును విద్యార్థులకును తల్లిదండ్రులకును తెలియజేయుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

కంప్యూటరులో మనము వ్రాసిన పత్రములు, ఛాయాచిత్రములు మాత్రమే యుండవు. యంత్రమును నడపు విండోస్, దానిపై పనిచేయు ప్రోగ్రాములు, అక్షరరూపములగు ఫాంట్లు, కీబోర్డు అమరిక, ప్రింటరునకు సంబంధించిన ఏర్పాట్లు మున్నగునవి వేలకొలది ఫైళ్లుగా హార్డు డిస్కునందు నిలిచియుండును. పత్రములను మాత్రము వేరొక చోట నకలు చేసికొనుట ఒక పద్ధతి. డిస్కులోని సమస్తమును ఉన్నదున్నట్లుగా నొక్కసారి ప్రతి తీయుట రెండవ పద్ధతి. ఈ రెండవదానిని సిస్టమ్ ఇమేజి అందురు. మనము ప్రతిబింబమని పిలువవచ్చును. డిస్కు చెడినపుడు క్రొత్త డిస్కును బిగించి, ప్రతిబింబమును దానిపై దింపినచో, ప్రతి తీసిన నాడు కంప్యూటరు ఎట్లుండెనో మరల నట్లే యగును.

ఇది అందరికిని ఉపయోగకరమే గాని, మనబోటి వారికి మరింత అవసరము. వేరొక భాష వాడుకలోనున్న ప్రాంతమున మనము తెలుగు చదువుచున్నాము. కంప్యూటరు చెడినచో అంగడిలోని మరమ్మతుదారు డిస్కును తుడిచి, విండోసును మరల నెక్కించి యిచ్చును. యంత్రము బాగుపడును, కాని తెలుగు మాయమగును. యూనికోడ్ పద్ధతిలో వ్రాసినవి ఎట్లో చదువవచ్చును. అను స్క్రిప్ట్ వంటి పాత ఫాంట్లతో కూర్చిన ప్రశ్నపత్రములు, పత్రికాప్రతులు ఆ ఫాంట్లు లేనిదే అర్థములేని గుర్తులుగా కనబడును. ఆ ఏర్పాట్లను మరల చేయగలవారు తెలుగునాట నగరములందు సులభముగా దొరకుదురు. మన యూళ్లలో వారికొరకు వెదకవలసియుండును. ప్రతిబింబము ఉన్నచో ఆ వెదకులాట తప్పును.

ప్రతిబింబమును తీయు పనిముట్టు విండోసులోనే కలదు. కంట్రోల్ ప్యానెల్ నందు "బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)" అను పేర నుండును. ఇకమీదట దీనిని అభివృద్ధి చేయబోమనియు, ఇతర సంస్థల పనిముట్లను వాడుకొనుడనియు మైక్రోసాఫ్ట్ 2017లోనే తెలిపెను. అయినను అది విండోస్ 11లో గూడ నున్నది. దానిని ఉదాహరణముగా గైకొందము; ఇతర పనిముట్లకును సూత్రములు ఇవియే.

ప్రతిని దాచుటకు బయట తగిలించు హార్డు డిస్కు కావలెను. అదే డిస్కులోని డి-భాగమున దాచుట నిరర్థకము. డిస్కు చెడినపుడు మూలమును ప్రతియు నొక్కసారిగా పోవును. బయటి డిస్కు ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో అమర్చబడి యుండవలెను. ఫ్యాట్ 32 అను పాత పద్ధతిలో 4 గిగాబైట్లకు మించిన ఫైలు ఇముడదు. ప్రతిబింబములోని ఫైలు అంతకు ఎన్నో రెట్లుండును.

పని ముగిసిన పిమ్మట బయటి డిస్కుపై "విండోస్‌ఇమేజ్‌బ్యాకప్" అను ఫోల్డరు కనబడును. దానిలోపల కంప్యూటరు పేరుతో నొక ఫోల్డరు, దానిలోపల తేదీతో గూడిన మరియొక ఫోల్డరు, అందు వి.హెచ్.డి.ఎక్స్. అను జాతికి చెందిన పెద్ద ఫైళ్లు, వానిని గూర్చిన వివరములు గల చిన్న ఫైళ్లు ఉండును. ఈ చిన్నవానిని చూచి అనవసరమని తీసివేయరాదు. అవి పుస్తకమునకు విషయసూచిక వంటివి. అవి లేనిచో ప్రతిబింబమును వెదకు ప్రోగ్రాము దానిని గుర్తింపజాలదు.

ఇచ్చట తరలించువారు ముఖ్యముగా నెరుగవలసిన నియమములు రెండు గలవు. మొదటిది, ఫోల్డరు పేరును మార్చరాదు. రెండవది, ఆ ఫోల్డరు డిస్కు మొదటి అంతస్తుననే యుండవలెను; "పాఠశాల", "పాతవి" మొదలగు మరియొక ఫోల్డరులోపల పెట్టరాదు. తపాలా బంట్రోతు చిరునామా చూచి యిల్లు వెదకునట్లు, పునరుద్ధరణ ప్రోగ్రాము ఆ పేరును ఆ స్థలముననే వెదకును. లోపల అన్నియు సరిగనున్నను, స్థలము మారినచో ప్రతిబింబము దొరకలేదని చెప్పును. ఒకే డిస్కుపై పాతదానిని, క్రొత్తదానిని రెండింటిని ఉంచదలచినవారు పాతదానికి తాత్కాలికముగా వేరు పేరు పెట్టవచ్చును. కాని దానిని వాడవలసిన నాడు అసలు పేరు మరల నిచ్చి, మొదటి అంతస్తునకు తేవలెను. ఈ సంగతిని ఒక కాగితముపై వ్రాసి డిస్కుతోడనే ఉంచుట మంచిది.

ఇక ఒక డిస్కునుండి మరియొక డిస్కునకు తరలించు క్రమము. ఫోల్డరును తెరువబోగా అనుమతి లేదని విండోస్ చెప్పవచ్చును. నిర్వాహకుని ఖాతాతో ప్రవేశించి "కంటిన్యూ" నొక్కినచో త్రోవ యిచ్చును. "కట్" చేసి అంటించుట కూడదు, "కాపీ" చేయవలెను. నడుమ కరెంటు పోయినను, తీగ ఊడినను, మూలము చెక్కుచెదరక నుండుటకే యీ జాగ్రత్త. నూరు గిగాబైట్ల ప్రతిబింబము పాత యు.ఎస్.బి. 2 తీగపై సుమారొక గంట, యు.ఎస్.బి. 3 తీగపై సుమారు ఇరువది నిమిషములు పట్టును. ల్యాప్‌టాప్ అయినచో చార్జరు తగిలించి, అది నిద్రపోకుండ అమర్చి యారంభింపవలెను.

నకలు పూర్తియయ్యెనని యంత్రము చెప్పినంత మాత్రమున మూలమును తుడిచివేయరాదు. బ్రౌను పండితులు ప్రతులను సరిపోల్చినట్లు మనమును సరిపోల్చవలెను. అక్షరమక్షరము చూచుట మనచేత కాదు. దానికి గణితము తోడ్పడును. షా-256 అను లెక్క ఏ ఫైలునైనను చదివి, 64 గుర్తులు గల ఒక వరుసను ఇచ్చును. ఫైలులో ఒక్క అణువంత మార్పున్నను ఆ వరుస పూర్తిగా మారిపోవును. విండోస్ పవర్‌షెల్ లోని "గెట్-ఫైల్‌హ్యాష్" అను ఆజ్ఞ యీ పని చేయును. మూలమునకు, ప్రతికి వచ్చిన వరుసలు ఒక్కటే యైనచో ప్రతి శుద్ధము. ఆ వరుసను, తేదీని వ్రాసిపెట్టుకొన్నచో, సంవత్సరము పిమ్మట గూడ ఆ ఫైలు చెడెనో లేదో తెలిసికొనవచ్చును. అనంతరము "సేఫ్లీ రిమూవ్" అను క్రియ జరిపి, దీపము ఆరిన పిమ్మటనే తీగను తీయవలెను.

శుద్ధమైన ప్రతి సిద్ధమయ్యెను. దాని నెక్కడ ఉంచవలెను? లోకమున జరిగిన సంఘటనలు మూడు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నవి. ఫ్రాన్సు దేశమందలి స్ట్రాస్‌బర్గ్ నగరమున 2021 మార్చి 10వ తేదీన ఓ.వి.హెచ్. అను సంస్థయొక్క అయిదంతస్తుల కంప్యూటరు భవనము తగులబడెను. తమ ప్రతులను గూడ ఆ ఆవరణలోనే యుంచుకొన్న కొందరు ఖాతాదారులు మూలమును, ప్రతిని రెండింటిని కోల్పోయిరి. అంతకు ముందు 2017 మే 12వ తేదీన వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము దేశదేశముల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి సొమ్ము కోరెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని గూడ దాని బారిన పడెను. అది కంప్యూటరు లోపలి డిస్కుతో తృప్తిపడలేదు. ఆ సమయమున తగిలించియున్న బయటి డిస్కులను గూడ పట్టెను. కావున ప్రతి గల డిస్కు పనియైన వెంటనే ఊడదీయబడవలెను. ఒక ప్రతియైనను వేరొక కప్పు క్రింద నుండవలెను.

మూడవ సంఘటన పిల్లలకు ప్రియమైన బొమ్మల చలనచిత్రమునకు సంబంధించినది. అమెరికాలోని పిక్సార్ సంస్థ "టాయ్ స్టోరీ 2"ను తయారు చేయుచుండగా, 1998లో నొక తప్పు ఆజ్ఞవలన ఆ చిత్రపు ఫైళ్లలో అధికభాగము చెరిగిపోయెను. దాచిన ప్రతులను తీసిచూడగా అవియును సరిగా పనిచేయుటలేదని తేలెను. ఆ చిత్రమునకు పనిచేయుచున్న గేలిన్ సుస్మాన్ అను నామె, బిడ్డ పుట్టినందున ఇంటినుండి పనిచేయుటకై ఒక ప్రతిని తన యింటి కంప్యూటరులో నుంచుకొనియుండెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారులో పదిలముగా నుంచి, సంస్థకు కొనివచ్చిరి. చిత్రము 1999లో విడుదలయయ్యెను. సంస్థ ఆవరణలోని ప్రతులు ఎన్నడును పరీక్షింపబడలేదు గనుక అక్కరకు రాలేదు. ఇంటనున్న ప్రతి అక్కరకు వచ్చెను.

ఇట్టి ఆపదలనుండి కాపాడు సూత్రమును అమెరికా ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ మూడు అంకెలలో చెప్పెను: 3-2-1. మూలముతో గూడ మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, ఒక ప్రతి వేరుచోట. పాఠశాలకు దీని నిట్లు అన్వయింపవచ్చును: కంప్యూటరు ఒకటి, బీరువాలోని హార్డు డిస్కు రెండవది, బాధ్యత గల మరియొకరి యింట నుంచినది మూడవది. రెండవ విధమైన సాధనము కొరకు ఆ మూడవ ప్రతిని ఎస్.ఎస్.డి. పై నుంచవచ్చును, కాని అది ఏండ్ల తరబడి కరెంటు లేక పడియున్నచో జ్ఞాపకము కోల్పోవచ్చును. తిరిగెడు హార్డు డిస్కు నడచుచుండగా కుదుపునకు తాళదు. కావున డిస్కును మెత్తని పెట్టెలో, తేమను పీల్చు సిలికా పొట్లముతో, చల్లని పొడిచోట నుంచి, ఆరు మాసముల కొకపరి తగిలించి చూడవలెను. పెట్టెపై కంప్యూటరు పేరు, ప్రతి తీసిన తేదీ వ్రాయవలెను.

వేరొకరి యింట నుంచునపుడు మరియొక విచారము గలదు. ప్రతిబింబమున విద్యార్థుల పేర్లు, మార్కులు, చిరునామాలు సమస్తమును ఉండును. కంప్యూటరు డిస్కునకు బిట్‌లాకర్ తాళము వేసియున్నను, దానినుండి తీసిన ప్రతిబింబమునకు ఆ తాళము రాదు. కావున బయటి డిస్కునకు వేరుగా తాళము వేయవలెను. దానిని తెరచు సంఖ్యను కాగితముపై వ్రాసి, డిస్కు ఉన్నచోట గాక వేరొకచోట దాచవలెను. ఆ కాగితము పోయినచో డిస్కు ఉన్నను లేనట్లే.

కడపటి పని పరీక్ష. పునరుద్ధరణ జరుపుటకు విండోస్ గల యు.ఎస్.బి. పుల్ల ఒకటి ముందుగానే సిద్ధము చేసికొనవలెను. దానితో కంప్యూటరును ఆరంభించి "సిస్టమ్ ఇమేజ్ రికవరీ" వరకు పోయి, ప్రతిబింబము పేరు, తేదీ కనబడుచున్నవో లేవో చూచి, అక్కడనే విరమింపవలెను. ముందుకు సాగినచో కంప్యూటరులో నున్నదంతయు తుడిచివేయబడును. కావున పెద్దల తోడు లేనిదే విద్యార్థులు దీనికి పూనుకొనరాదు. వి.హెచ్.డి.ఎక్స్. ఫైలును డిస్క్ మేనేజ్‌మెంట్ లో "రీడ్ ఓన్లీ" గుర్తు పెట్టి తగిలించినచో, లోపలి పత్రములను చదివి చూడవచ్చును. ఆ గుర్తు పెట్టనిచో ఫైలు మారి, మనము వ్రాసియుంచిన 64 గుర్తుల వరుసతో సరిపోలకపోవును.

ప్రతిబింబమునకు హద్దులును గలవు. క్రొత్త డిస్కు పాతదానికంటె చిన్నదైనచో అది దిగదు. వేరొక జాతి కంప్యూటరుపై సరిగా నడవకపోవచ్చును. అందుచేత ముఖ్యమైన పత్రములను, కుటుంబపు ఛాయాచిత్రములను వేరుగా గూడ నకలు చేయవలెను. పాత ఫాంట్లతో కూర్చిన తెలుగు వ్రాతలను పి.డి.ఎఫ్. గాను, వీలైనంతవరకు యూనికోడ్ గాను మార్చి యుంచినచో అవి ఏ యంత్రముపై నైనను చదువబడును.

విద్యార్థులారా! మన పూర్వులు ఊరు విడిచి వచ్చినను భాషను విడువలేదు. చదువును, పుస్తకమును వెంట తెచ్చుకొనిరి. నేటి పుస్తకము డిస్కులో నున్నది. దానిని వేరుచోట దాచుడు, చెడకుండ చేర్చుడు, అక్కరకు ముందే తెరచి చూడుడు. ఈ పక్షమున సెలవు దినమొకటి చూచి, తల్లిదండ్రులతో కూర్చుండి, మీ యింటి కంప్యూటరులో ఏమేమి యున్నవో, వానికి రెండవ ప్రతి యెక్కడ నున్నదో ఒక కాగితముపై వ్రాయుడు. రెండవ గడి ఖాళీగా నున్న వస్తువుతోనే పని మొదలిడుడు.