పేరు సముద్రం దాటితే హక్కు దాటుతుందా?

రంజాన్ మాసం వచ్చిందంటే చాలు, ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ సాయంత్రం వేళ 'హైదరాబాద్ హలీమ్' బోర్డులు వెలుస్తాయి. వండేది మనవారే, తినేదీ మనవారే. కాని బోర్డు మీది ఆ రెండు మాటలకు చట్టంలో ఒక హద్దు ఉందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. హలీమ్ తయారీదారుల సంఘం పెట్టుకున్న దరఖాస్తుపై 2010లో ఆ వంటకానికి భౌగోళిక గుర్తింపు లభించింది. మన దేశంలో ఈ గుర్తింపు పొందిన మొదటి మాంసాహార వంటకం అదే. మేకమాంసం, స్వచ్ఛమైన నెయ్యి, రాగి పాత్ర, కట్టెల పొయ్యి, 12 గంటల వంట అని దానికి కొలతలు కూడా పెట్టుకున్నారు. ఏలూరు డేగిసాలో ఉడికినది ఎంత రుచిగా ఉన్నా దాన్ని హలీమ్ అనవచ్చు గాని, ముందు 'హైదరాబాద్' చేర్చడానికి చట్టం ఒప్పుకోదు.

మరి అదే బోర్డు షార్జాలోనో చికాగోలోనో కడితే? చిక్కంతా అక్కడే ఉంది. భౌగోళిక గుర్తింపు గాని, ట్రేడ్‌మార్కు గాని నమోదైన దేశపు సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. పైగా 1995లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య ఒప్పందంలో ఒక మెలిక ఉంది. స్వదేశంలో రక్షణ లేని పేరుకు ఇతర దేశాలు రక్షణ ఇవ్వనక్కరలేదు. 1997లో అమెరికాలోని రైస్‌టెక్ కంపెనీ బాస్మతి రకాలపై పేటెంటు పొందినప్పుడు మన దేశంలో భౌగోళిక గుర్తింపు చట్టమే లేదు. ఆ గగ్గోలు తర్వాత 1999లో చట్టం చేశారు, 2003 సెప్టెంబర్ 15న అమలుకు వచ్చింది. మన ప్రభుత్వం సవాలు చేయగా ఆ కంపెనీ కొన్ని హక్కులను వదులుకుంది. అయినా బాస్మతికి ఇక్కడ గుర్తింపు దక్కింది 2016లోనే. ఇంత ఆలస్యం ఏమిటో మాకు ఇప్పటికీ బోధపడదు.

పేరు గొప్పదైతే ఎక్కడికెళ్ళినా చెల్లుతుందనే భ్రమ కూడా వద్దు. జపాన్ కంపెనీ టయోటా 1997లో 'ప్రియస్' కారు తెచ్చింది. ఢిల్లీలోని ఒక విడిభాగాల సంస్థ అదే పేరును ఇక్కడ తన పేరున నమోదు చేయించుకుంది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయి, 2017 డిసెంబర్‌లో టయోటా ఓడింది. ఆ రోజుల్లో ఆ పేరుకు భారత్‌లో తగినంత ప్రఖ్యాతి ఉన్నట్టు రుజువు కాలేదని తీర్పు. అంతటి సంస్థకే ఆ గతి పడితే, ఇంటి వంటగదిలో మొదలైన మాంసం పచ్చడి పేరును విదేశంలో ఎవరు కాపాడతారు?

మన ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన పిల్లల కోసం తల్లులు కట్టి పంపే సీసాలే మెల్లగా వ్యాపారాలవుతాయి. అక్కడి దుకాణదారు సరుకు తెప్పించుకుంటాడు, నాలుగు రోజులు పోయాక ఆ పేరును తన పేరున నమోదు చేయించుకుంటాడు. గల్ఫ్ దేశాల్లో ముందుగా నమోదు చేసుకున్నవాడిదే పైచేయి. కనుక 'పేరు మీద హక్కు తయారీదారుదే' అన్న మాట ఒప్పంద పత్రంలో రాసుకోకుండా మొదటి పెట్టె కూడా పంపరాదు. అరబ్బీ లిపిలో రాసిన పేరును విడిగా నమోదు చేయించడం కూడా అవసరమే, అక్కడి లేబుల్ మీద కనిపించేది అదే కదా.

పేరు ఎంపికలోనూ మనవారు పొరబడుతుంటారు. భక్తి కొద్దీ పవిత్ర నామాలు పెడతారు. మతస్థుల మనసు నొప్పించే గుర్తులను మన చట్టం నమోదు చేయదు. పవిత్ర గ్రంథం పేరు మీద ఒకరికే గుత్తహక్కు కుదరదని 2015లో సుప్రీంకోర్టు 'రామాయణ్' అగరుబత్తీల కేసులో తేల్చింది. గల్ఫ్ చట్టాలూ మతపరమైన చిహ్నాలను తోసిపుచ్చుతాయి. అలాగే హలాల్ ముద్ర ధ్రువీకరణ సంస్థది. అది సీసా మీద ఉన్నంత మాత్రాన మన పేరుకు రక్షణ రాదు.

కొల్లేరు చుట్టుపక్కల రొయ్యల సంగతి వేరు. అమెరికా చేరిన సరుకు చాలామటుకు అక్కడి కొనుగోలుదారు పేరు మీదే అమ్ముడవుతుంది. కాపాడుకోవడానికి అసలు పేరంటూ ఉండదు.

దారి మరీ కష్టమేమీ కాదు. మొదట చెన్నైలోని ట్రేడ్‌మార్కుల కార్యాలయానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. పచ్చళ్ళు, మాంసం 29వ తరగతి, మసాలాలు, మిఠాయిలు 30వది, హోటలైతే 43. దరఖాస్తు పెట్టిన ఆరు నెలల్లో విదేశంలోనూ పెడితే, మొదటి తేదీయే అక్కడా లెక్కకొస్తుంది. 2013 జులై 8 నుంచి భారత్ మాడ్రిడ్ ఒప్పందంలో ఉంది గనుక ఒకే దరఖాస్తుతో పలు దేశాలు కోరవచ్చు. ఒమన్, బహ్రెయిన్ అందులో ముందే ఉన్నాయి, ఎమిరేట్స్ 2021 డిసెంబర్‌లో చేరింది. నలుపు తెలుపు గుర్తుకు మూల రుసుము 653 స్విస్ ఫ్రాంకులు, దేశాల రుసుములు అదనం. అయితే మొదటి అయిదేళ్ళలో ఇక్కడి నమోదు కొట్టుబడితే దాన్ని ఆనుకున్న విదేశీ రక్షణ కూడా పోతుంది. ఇక్కడ జర్నల్‌లో ప్రకటించాక నాలుగు నెలల వరకు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు కనుక, ఆ గడువు గడిచేదాకా కాగితాలు, పాత బిల్లులు భద్రంగా ఉంచుకోవాలి.